గోడ మీద 32 నెమళ్లు

నల్లగొండ జిల్లా మహిళా శిశు సంక్షేమ శాఖ, విద్యాశాఖ అధికారులకు, జిల్లాలో నర్సరీ నుంచి యూకేజీ దాకా తరగతులు నడుపుతున్న బడుల యాజమాన్యాలకు నమస్కారాలు.

నేను 31 ఏళ్లు జిల్లా పరిషత్ హైస్కూళ్లలో డ్రాయింగ్ మాస్టర్‌గా పనిచేసి రిటైరయ్యాను. దేవరకొండ వైపు కొన్నేళ్లు, మునుగోడు వైపు కొన్నేళ్లు, చివరి ఏడేళ్లు నల్లగొండ పక్కనే. సర్వీసులో ఉండగా ట్రాన్స్‌ఫర్ కోసం తప్ప ఆఫీసుకు కాగితం పెట్టిన గుర్తు లేదు. ఆరేళ్లలోపు పిల్లలతో మన బడుల్లో బొమ్మలు వేయిస్తున్న తీరు చూశాక ఇప్పుడు పెట్టకుండా ఉండలేకపోతున్నాను.

మొన్న ఫిబ్రవరిలో మా మనవరాలు చదివే బడిలో ఆర్ట్ ఎగ్జిబిషన్ ఉందని పిలిస్తే పోయాను. పిల్లకు ఐదున్నరేళ్లు, యూకేజీ. తరగతి గది గోడ పొడవునా 32 నెమళ్లు అంటించి ఉన్నాయి. అన్నీ ఒకే అచ్చులోంచి వచ్చినవే. అన్నిటికీ అదే నీలం, అదే ఆకుపచ్చ, తోకలో ఏడేసి కళ్లు. "ఇండ్ల నీది ఏది బిడ్డా?" అని అడిగాను. పిల్ల ఆ వరసంతా ఒకసారి చూసింది. మళ్లీ చూసింది. తర్వాత గోడ దగ్గరికి పోయి, కింద అంటించిన చీటీల మీద పేర్లు కూడబలుక్కుంటూ చదివి, చాలా దూరం పోయాక ఒకచోట ఆగి "ఇది తాతా" అన్నది. తాను చేసిన బొమ్మను తాను గుర్తుపట్టలేదు. పేరు చదువుకుని తెలుసుకుంది.

అదే పిల్ల సంక్రాంతి సెలవుల్లో చండూరు దగ్గర వాళ్ల అమ్మమ్మ ఊరికి పోయినప్పుడు మేక ఈనడం చూసింది. ఇంటికి వచ్చిన సాయంత్రమే పాత క్యాలెండర్ కాగితం వెనక బొగ్గుముక్కతో ఒక మేకను గీసింది. కాగితమంతా మేకే. దాని కడుపులో రెండు పిల్లలు నిలబడి ఉన్నాయి, చెవులతో సహా. ఒకటి ఇటు చూస్తోంది, ఒకటి అటు. పక్కన తాను. తన చేయి మేకంత పొడుగు, ఎందుకంటే ఆ చేత్తో మేక వీపు నిమిరింది. "కడుపుల ఉన్నయి గదా, మరి బయటికెట్ల కనిపిస్తున్నయే?" అంటే, "ఉన్నయని నాకు తెల్సు గదా" అన్నది. మర్నాడు బడిలో చూపిస్తానని మురిపెంగా పట్టుకుపోయింది. సాయంత్రం ఆ కాగితం నాలుగు మడతలై వచ్చింది, మేక మీదుగా ఎర్ర సిరాతో "నీట్‌గా వేయాలి" అని రాసి ఉంది.

ఐదారేళ్ల పిల్లలు ప్రపంచమంతటా అట్లాగే గీస్తారు. ఇంటి గోడ గీసి లోపలి మంచం, పొయ్యి, పండుకున్న నాయనమ్మను చూపిస్తారు. బస్సు గీసి లోపల కూర్చున్నవాళ్ల కాళ్లు కూడా గీస్తారు. మా చదువుల్లో దాన్ని ఎక్స్‌రే బొమ్మ అంటారు. ఆ వయసు పిల్లలు కంటికి ఆనిన దాన్ని కాదు, తమకు తెలిసిన దాన్ని గీస్తారు. ఏది ముఖ్యమనిపిస్తే అది పెద్దదవుతుంది. అందుకే చేయి అంత పొడుగు. మా పిల్ల ఆ ఒక్క కాగితంలో ఒక జీవి ఇంకో జీవిని మోయడం గురించి తనకు తెలిసినదంతా చెప్పింది. నెమలిలో ఏం చెప్పింది? ఏమీ లేదు. చెప్పడానికి చోటే లేదు.

ఆ టీచరమ్మ మీద నాకు కోపం లేదు. ఆమెకు ఎవరూ చెప్పలేదు. చెప్పవలసిన మాలాంటివాళ్లం చెప్పలేదు. నేను డ్రాయింగ్‌లో లోయర్, హయ్యర్ పరీక్షలు పాసయి, టీటీసీ అనే టీచర్ ట్రైనింగ్ చేసి ఉద్యోగంలో చేరినవాణ్ని. ఎదురుగా పెట్టిన కూజాను ఉన్నదున్నట్టు దించితే మార్కులు పడే చదువు అది. బడికి వచ్చాక నేనూ అదే చేశాను. బోర్డు మీద నేను మామిడికాయ వేస్తే 50 మంది అదే మామిడికాయ వేయాలి. నాదానికి దగ్గరగా వచ్చిన వాడికి పదికి ఎనిమిది, దూరంగా పోయిన వాడికి మూడు.

దాని ఫలితం నాకు ఆరో తరగతిలోనే కనిపిస్తూ వచ్చింది. కొత్తగా చేరిన పిల్లలతో "మీ ఊరి బొమ్మ వేయండి" అంటే 31 ఏళ్లూ దాదాపు ఒకే బొమ్మ. రెండు ముక్కోణపు కొండలు, వాటి నడుమ సగం సూర్యుడు, కిందికి వంకర తిరిగిన ఏరు, ఒడ్డున పెంకుటిల్లు, పక్కన కొబ్బరి చెట్టు. ఇవి గీసింది దేవరకొండ ఖిల్లా నీడలో పుట్టి పెరిగిన పిల్లలు. వాళ్లు పొద్దున లేస్తే చూసేవి ముక్కోణాలు కావు, ఒకదాని మీద ఒకటి పేర్చినట్టుండే గుండ్రటి బండలు, సందుల్లో సీతాఫలం చెట్లు. ఊరి చుట్టూ ఉండేవి తాళ్లు, ఈదులు. వాగులో నీళ్లు ఏడాదికి ఎన్ని నెలలుంటాయో మీకూ తెలుసు. అయినా ఒక్క పిల్లవాడి కాగితంలోకీ వాళ్ల ఊరి బండ రాలేదు, తాటిచెట్టు రాలేదు. పదకొండేళ్లకే వాళ్ల కళ్లకూ చేతులకూ నడుమ తెర పడిపోయింది. ఆ తెర మూడేళ్ల నుంచి ఆరేళ్ల మధ్య పడుతుంది. అందుకే ఈ లేఖ హైస్కూళ్ల గురించి కాదు. (మా డ్రాయింగ్ మాస్టర్ల పోస్టులు ఖాళీ అవుతూ నిండకపోవడం గురించి చెప్పవలసింది చాలానే ఉంది, దానికి వేరే లేఖ రాస్తాను.)

నేను అడుగుతున్నది ఇప్పటివాళ్లు ఓపెన్ ఎండెడ్ ఆర్ట్ అంటున్నారు. నేను మోడల్ లేని బొమ్మ అంటాను. పిల్లల ముందు మట్టో, సుద్దో, రంగో, ఆకులో పెడతాం. ఏం చేయాలో చెప్పం. ఎట్లుండాలో చూపించం. చివరికి ఏదైనా రావచ్చు, ఏమీ రాకపోవచ్చు. మూడేళ్ల పిల్లవాడు అరగంట సేపు మట్టిని పొడుగ్గా పాము చేసి, చుట్ట చుట్టి, చదును చేసి, చివరికి ముద్ద చేసి లేచిపోవచ్చు. చేతిలో చూపించడానికి ఏమీ మిగలకపోయినా ఆ అరగంట వృథా కాలేదు. ఎందుకు కాలేదో చెప్పడానికే ఇంత దూరం వచ్చాను.

ముందు చేతి సంగతి. పుట్టిన బిడ్డ మణికట్టులోని 8 చిన్న ఎముకలు అప్పటికి ఇంకా ఎముకలుగా గట్టిపడి ఉండవు, మెత్తటి మృదులాస్థిగానే ఉంటాయి. ఒక్కొక్కటే గట్టిపడుతూ వస్తుంది. ఆరేడేళ్లు దాటినా ఆ పని సాగుతూనే ఉంటుంది. ఏడాదిన్నర పిల్ల సుద్దముక్కను పిడికిట్లో పట్టి భుజం నుంచి గీస్తుంది. రెండు మూడేళ్లకు కదలిక మోచేతికి దిగుతుంది. నాలుగు దాటాక, చాలామందిలో ఐదారేళ్లకు, మూడు వేళ్ల నడుమ పెన్సిల్ నిలబడి వేళ్లే కదలడం మొదలవుతుంది. గీతలకూ ఇట్లాంటి వరసే ఉంది. రెండేళ్లకు నిలువు గీత, మూడుకు గుండ్రం, నాలుగు దగ్గర పడేసరికి కూడిక గుర్తు, నాలుగున్నర ఐదుకు చదరం, ఐదుకు ముక్కోణం, ఆరేడేళ్లకు గానీ పతంగి ఆకారం రాదు. కొందరికి ముందు, కొందరికి వెనక. వరస మాత్రం తారుమారు కాదు. అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కోలో శిశు పాఠశాలలు నడిపిన రోడా కెలాగ్ అనే ఆమె దాదాపు పది లక్షల పిల్లల బొమ్మలు పోగుచేసి చూసి, పిచ్చిగీతలని మనం కొట్టిపారేసే వాటిలో 20 మూలగీతలున్నాయని తేల్చింది. ఏ దేశపు పిల్లలైనా వాటితోనే మొదలుపెట్టి, గుండ్రం దాకా వచ్చి, ఆ గుండ్రానికే రెండు కళ్లు పెట్టి, దాని కిందినుంచే రెండు కాళ్లు దించి మనిషిని చేస్తారు. మెడ లేదు, పొట్ట లేదు. మీ ఇంట్లోనూ అట్లాంటి మనుషులు గోడల మీద ఉండే ఉంటారు.

ఇప్పుడు మన అక్షరాలను చూడండి. తెలుగు లిపి అంతా గుండ్రాలు, మెలికలే. 'అ' రాయాలంటే చేయి ఒకసారి సుడి తిరిగి, ఆగి, వెనక్కి మళ్లి, మళ్లీ వంపు తిరగాలి. మూడున్నరేళ్ల పిల్లకు ఆ మళ్లింపు చేతికి వచ్చి ఉండదు. మనం మాత్రం నర్సరీలోనే నాలుగు గీతల నోటుబుక్కు ఇచ్చి పేజీ నిండా రాయమంటున్నాం. పక్కన చుక్కల అక్షరాలు, ఇంగ్లీషు వేరే. పిల్ల పెన్సిల్‌ను బిగించి పట్టుకుంటుంది, వేళ్లు నొస్తాయి, రాత మీద విరక్తి పుడుతుంది. వంద గుండ్రాలు ఇష్టంగా గీసిన చేతికి 'ర' కష్టం కాదు. మన పెద్దలకు ఈ సంగతి తెలుసు. అక్షరాభ్యాసం నాడు బియ్యంలో వేలితో దిద్దిస్తారు. వీధిబడుల్లో ముందు ఇసుకలో వేలితో రాయించి, తర్వాతే పలకా బలపం ఇచ్చేవారు. ఇసుకలో తప్పు గీత ఉండదు, అరచేత్తో తుడిస్తే పోతుంది. ఆ తుడుచుకునే వీలును మనం పిల్లల నుంచి తీసేసుకున్నాం.

చేతి తర్వాత మాట. మోడల్ లేని బొమ్మ వేసే పిల్ల ఊరికే ఉండదు. నేను రిటైరయ్యాక మా వార్డులోని అంగన్‌వాడీకి మంగళవారం మంగళవారం పోతున్నాను, టీచరమ్మ అనుమతితోనే. అక్కడ నాలుగేళ్ల పిల్లాడు ఒకడు నెల రోజులు నోరు తెరవలేదు. లంబాడా పిల్లాడు, ఇంట్లో గోర్‌బోలీ, బడిలో మాట్లాడేది తెలుగు. ఒకరోజు నేలమీద తడి జాజుతో (ఎర్రమట్టి రంగుతో) పొడుగ్గా ఒక గీత లాగి, దాని పక్కన చుక్కలు పెడుతూ పెడుతూ తనలో తాను గొణగడం మొదలుపెట్టాడు. పక్కన కూర్చున్న పిల్ల "ఏందిరా అది?" అంటే "రోడ్డు" అన్నాడు. "ఇవి?" అంటే "గొర్లు" అన్నాడు. ఆ తర్వాత గొర్లకు అడ్డం వచ్చిన లారీ గురించి, దాన్ని తిట్టిన వాళ్ల తాత గురించి సగం తెలుగులో, సగం వాళ్ల భాషలో చెప్పాడు. రంగులు నింపే కాగితం ఇచ్చినప్పుడు వాడికి వినిపించిన మాటలు రెండే: "గీత దాటొద్దు", "అయిపోయిందా?"

పాలమూరు జిల్లాలో అంగన్‌వాడీ టీచర్‌గా చేసిన మా బంధువు ఒకామె చెప్పిన సంగతి ఇంకొకటుంది. అమ్మానాయనలు బొంబాయి పనికి పోతే నాయనమ్మ దగ్గర ఉండిపోయిన పిల్లలు ఆమె కేంద్రంలో ఏటా కొందరుండేవారు. వాళ్లలో ఒక పిల్ల ఏ రంగు ఇచ్చినా బస్సే గీసేదట, ఎప్పుడూ కాగితం అంచుకు. బొమ్మ చూసి పిల్ల మనసు చదివేస్తామని నేననను. అట్లా చెప్పేవాళ్లను నమ్మవద్దు. కానీ ఆ పిల్లకు బస్సు గీయాలనిపించినప్పుడు గీసుకునే వీలు దొరికింది. ఆ రోజు ఆమె ముందు నెమలి అచ్చు పెట్టి ఉంటే?

ఇక నిర్ణయాల సంగతి. ఎర్రది ఎక్కడ పెట్టాలి, మట్టికి నీళ్లు ఎన్ని పోయాలి, కూలిన గోపురాన్ని మళ్లీ ఎట్లా నిలబెట్టాలి, ఎప్పుడు చాలనుకోవాలి అని నాలుగేళ్ల పిల్ల అరగంటలో ఎన్నిసార్లు తనంతట తాను తేల్చుకుంటుందో ఒకసారి పక్కన కూర్చుని లెక్కపెట్టండి. రోజు మొత్తంలో ఆ పిల్లకు ఇంకెక్కడా ఆ అవకాశం లేదు. లేచింది మొదలు తిను, తొడుక్కో, కూర్చో, చెప్పు, రాయి. అప్పట్లో మన జిల్లాలోనే ఉన్న ఆలేరు దగ్గరి శారాజీపేటలో పుట్టిన చింతకింది మల్లేశం గారిని తలుచుకోండి. చీర నేసే ముందు దారాన్ని మేకుల చుట్టూ తిప్పే ఆసు పోసి పోసి తల్లి భుజం పడిపోతుంటే చూడలేక, చెక్కలతో, మోటార్లతో ఏళ్ల తరబడి తంటాలుపడి 1999లో ఆసు యంత్రం తయారుచేశారు. 2017లో పద్మశ్రీ అందుకున్నారు. బడి చదువు ఆరో తరగతితో ఆగిపోయిన మనిషి. ఆయన ముందు చూసి దించడానికి ఏ మోడలూ లేదు. పాడైతే విప్పి మళ్లీ కట్టే ఓపిక ఒక్కటే ఉంది. అట్లాంటి ఓపికకు మొదటి సాధన మట్టిలోనే జరుగుతుందని నా నమ్మకం.

మరి మన చేతిపనులన్నీ చూసి నేర్చుకునేవే కదా అని మీరు అడగవచ్చు. నిజమే. పుట్టపాకలో తేలియా రుమాలు నేసే ఇంట్లో, పోచంపల్లిలో ముడులు కట్టి రంగులద్దే ఇంట్లో పిల్లలు పెద్దల చేతులు చూసే నేర్చుకుంటారు. చుక్కల ముగ్గు లెక్క తప్పితే కలవదు. నేను దాన్ని తక్కువ చేయను. కానీ ఆ ఇళ్లలో చిన్నపిల్లలను గమనించండి. తల్లి వాకిట్లో సాన్పి చల్లి ముగ్గు వేస్తుంటే మూడేళ్ల పిల్ల పక్కన చేరుతుంది. తల్లి ఒక పిడికెడు ముగ్గుపిండి దాని చేతిలో పోసి "నువ్వు ఆ మూలకు ఏసుకో పో" అంటుంది. ఆ మూలన ఏం వేసినా ఎవరూ దిద్దరు. చుక్కల లెక్క ఏడెనిమిదేళ్లకు వస్తుంది. బతుకమ్మ పేర్చేటప్పుడూ అంతే. పెద్దవాళ్లు తంగేడు మీద గునుగు, గునుగు మీద బంతి వరుసగా పేరుస్తుంటే పిల్లలు రాలిన పూలతో పక్కన చిన్న బతుకమ్మను తమకు తోచినట్టు పేర్చుకుంటారు. మేము చిన్నప్పుడు జొన్న బెండుతో ఎడ్లబండి చేసుకున్నాం, తాటికాయలకు పుల్ల గుచ్చి బండి తోలుకున్నాం. ఏ ఇద్దరి బండీ ఒక్క తీరుగా ఉండేది కాదు. నేర్పేవాళ్లు ముందు ఆ మూల వదిలి, తర్వాత లెక్క నేర్పారు. మన నర్సరీలు ఆ మూలను తీసేసి నేరుగా లెక్క పెట్టాయి. అది కూడా మన లెక్క కాదు, ఎక్కడో డౌన్‌లోడ్ చేసిన అచ్చు.

బహుమతుల గురించి ఒక్క మాట. నవంబరు 14 వస్తే మూడేళ్ల పిల్లలకు కూడా డ్రాయింగ్ పోటీ పెట్టి ఫస్టు, సెకండు ఇస్తున్నారు. అమెరికాలో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయపు నర్సరీ బడిలో 1973లో అచ్చయిన ఒక ప్రయోగం చేశారు. బొమ్మలంటే ఇష్టమున్న మూడు నుంచి ఐదేళ్ల పిల్లల్లో కొందరికి "బొమ్మ వేస్తే బంగారు ముద్ర, రిబ్బను ఉన్న కాగితం ఇస్తాం" అని ముందే చెప్పి వేయించారు. కొందరికి చెప్పకుండా తర్వాత ఇచ్చారు. కొందరికి ఏమీ ఇవ్వలేదు. ఒకటి రెండు వారాల తర్వాత ఎవరూ అడగకుండానే రంగులు అందుబాటులో పెట్టి చూస్తే, బహుమతి కోసం వేసిన పిల్లలు మిగతావాళ్లతో పోలిస్తే సగం సమయమే బొమ్మల దగ్గర గడిపారు. ఇష్టంగా చేసేది కూలికి చేసే పనైపోయింది. ఆరేళ్లలోపు పిల్లలకు బొమ్మల పోటీలు ఆపండి. ఆ రోజు వాళ్లకు మట్టి ఇవ్వండి, చాలు.

నేను కొత్తగా కనిపెట్టి చెప్పేది ఏమీ లేదు. విక్టర్ లోవెన్‌ఫెల్డ్ అనే ఆస్ట్రియా దేశపు కళా ఉపాధ్యాయుడు రంగులు నింపే పుస్తకాలు పిల్లలకు తమ చేతి మీది నమ్మకాన్ని చంపేస్తాయని 1940ల్లోనే వాదించాడు. మన దేశంలో శాంతినికేతన్‌లో చదువుకుని గాంధీ గారి సేవాగ్రామ్‌లో పిల్లలకు బొమ్మలు నేర్పిన దేవీప్రసాద్ జీవితమంతా ఇదే చెప్పారు. ఇక మీ బీరువాల్లోనే కాగితాలున్నాయి. 2020 జాతీయ విద్యావిధానం మూడు నుంచి ఎనిమిదేళ్ల దాకా ఆటపాటల ద్వారానే పునాది వేయమంది. 2022 అక్టోబరులో వచ్చిన పునాది దశ పాఠ్యప్రణాళిక చట్రం బొమ్మలు, మట్టిపని, స్థానికంగా దొరికే ఆటవస్తువుల గురించి వివరంగా చెప్పింది, మూడు నుంచి ఆరేళ్ల పిల్లలకు పరీక్షలు తగవనీ చెప్పింది. 2023 ఫిబ్రవరిలో జాదూయీ పిటారా అని ఆటవస్తువుల పెట్టెను విడుదల చేశారు. అంగన్‌వాడీల కోసం 2024లో ఆధారశిల అనే పాఠ్యప్రణాళిక వచ్చింది. కొత్త జీవో అవసరం లేదు. ఉన్నదాన్ని అమలు చేయమని అడుగుతున్నాను.

డబ్బు లేదంటారేమో. ఎండాకాలం చెరువులు అడుగంటినప్పుడు ఒక్క ట్రాక్టర్ ఒండ్రుమట్టి తెప్పిస్తే మండలంలోని అంగన్‌వాడీలన్నిటికీ ఏడాది సరిపోతుంది. కుమ్మరి ఇంట్లో అడిగితే రాళ్లు ఏరి తొక్కిన మట్టే ఇస్తారు, వాళ్ల చేతికీ నాలుగు రూపాయలు వస్తాయి. ఎరుపుకు జాజు, నలుపుకు బొగ్గు, పసుపుకు పసుపే. తడి పసుపులో చిటికెడు తినే సోడా కలిపితే కళ్ల ముందే ఎర్రబడుతుంది. అది చూసి పిల్లలు పెట్టే కేక వినడానికైనా మీరొకసారి రావాలి. (సున్నం కలిపినా ఎర్రబడుతుంది కానీ పిల్లల కళ్లలో పడితే ప్రమాదం, సోడానే వాడండి.) హోలీ ముందర మోదుగ పూలు ఉడకబెడితే నారింజ రంగు. నమిలి చీల్చిన వేపపుల్లే కుంచె. గట్టుప్పల్, పుట్టపాక మగ్గాల దగ్గర రంగురంగుల నూలు ముక్కలు రాలి పడుంటాయి. పాత వార్తాపత్రికలు, మైదా గంజి. గోడకు కింది మూడడుగులు నల్లరంగు పూయించి సుద్దముక్కలు ఇస్తే ఇక కాగితం కూడా అక్కర్లేదు. పని అయ్యాక సబ్బుతో చేతులు కడిగించడం ఒక్కటి మరవకూడదు.

కష్టం డబ్బు దగ్గర లేదు, మన నోటి దగ్గర ఉంది. పిల్ల గీస్తుంటే "ఇదేంటి?" అని అడక్కుండా ఉండటం కష్టం. "చెట్టు గిట్లుంటదా?" అనకుండా ఉండటం కష్టం. చేయి పట్టి దిద్దకుండా ఉండటం నాకు ఇప్పటికీ కష్టమే, నా రెండు చేతులూ వెనక్కి కట్టుకుని కూర్చుంటాను. "గుడ్" అని నక్షత్రం వేయడం కూడా మానుకోవాలి. దానికి బదులు చూసింది చెప్పండి: "ఈ మూలంతా నలుపు నింపినవ్, ఇక్కడ ఖాళీ వదిలినవ్." పిల్లే మిగతాది చెబుతుంది. ఆ మాటలను తేదీ వేసి కాగితం వెనక రాసి దాచండి. ఆరు నెలల తర్వాత ఆ కాగితాలు వరసగా పరిస్తే ఆ పిల్ల ఎంత ఎదిగిందో ఏ ప్రోగ్రెస్ కార్డూ చెప్పనంత స్పష్టంగా కనిపిస్తుంది.

ఇది టీచర్లకు నేర్పాలంటే ఉపన్యాసాలు పనికిరావు. అంగన్‌వాడీ టీచర్లంతా కలిసే సెక్టార్ మీటింగ్ రోజున ఒక పూట వాళ్లకే మట్టి ఇచ్చి కూర్చోబెట్టండి. మొదటి పది నిమిషాలు ఒకరి ముఖాలు ఒకరు చూసుకుంటారు, "ఏం చెయ్యాలె సార్?" అని అడుగుతారు. చెప్పకండి. ఇరవయ్యో నిమిషానికి గది ఎట్లా మారుతుందో చూడండి. అంగన్‌వాడీ టీచర్ల మీద ఇప్పటికే బరువు చాలా ఉంది. పిల్లల తూకాలు, ఎత్తులు, బాలామృతం లెక్కలు, గర్భిణుల భోజనాలు, రిజిస్టర్లు, ఫోన్‌లో యాప్. దయచేసి దీన్ని కూడా రోజూ నాలుగు ఫోటోలు గ్రూపులో పెట్టాలనే పని చేయకండి. ఫోటో అడిగిన రోజున టీచరమ్మ పిల్లల చేతుల్లోంచి మట్టి తీసుకుని తానే అందమైన వినాయకుణ్ణి చేస్తుంది. ఆమె తప్పు కాదది. అడిగినవాళ్లది.

ప్రైవేటు బడుల యాజమాన్యాలకు విడిగా ఒక మనవి. తల్లిదండ్రులు "ఫీజు కట్టేది బొమ్మలేసుకోవడానికా?" అంటారని మీ భయం. ఆ మాట నేనూ విన్నాను, నా కొడుకే అన్నాడు. వాళ్లను ఒక శనివారం పిలిచి పిల్లల పక్కన నేల మీద కూర్చోబెట్టండి. పిల్లలు మట్టితో చేస్తూ చెప్పే మాటలు విననివ్వండి. ప్రాజెక్ట్ వర్క్ అని మీరు ఇంటికి పంపే థర్మాకోల్ ఇళ్లు, చార్టులు రాత్రి పదకొండు దాకా కూర్చుని చేస్తున్నది తల్లులే అని మీకూ తెలుసు, మార్కులు వేసే టీచర్‌కూ తెలుసు, పక్కన నిద్రపోతున్న పిల్లకూ తెలుసు. ఆ పిల్ల దాన్ని పొద్దున బడికి మోసుకొచ్చి "నేనే చేసిన" అని చెప్పాలి. ఐదేళ్ల పిల్లకు మనం మొదట నేర్పుతున్నది ఆ అబద్ధం. ఈ ఒక్కటైనా వచ్చే జూన్ నుంచి మానేయండి.

1975 అక్టోబరు 2న అంగన్‌వాడీలను నడిపే ఐసీడీఎస్ పథకం మొదలైంది. అంగన్‌వాడీ అంటే ఇంటి వాకిలి అని మీకు నేను చెప్పనక్కర్లేదు. ఆ వాకిట్లో రోజుకొక గంట పిల్లల చేతికి మట్టి, రంగు ఇచ్చి, ఏం చేయాలో చెప్పకుండా వదలమని అడుగుతున్నాను. తరగతి గోడ మీద పిల్లల చేయి తాకని బొమ్మ ఏదీ ఉండకూడదని ఒక నియమం పెట్టమంటున్నాను. రిటైరైన మాలాంటి డ్రాయింగ్ మాస్టర్లు ఈ జిల్లాలో చాలామందిమి ఉన్నాం. పిలిస్తే వారానికొక పూట జీతం లేకుండా వస్తాం. కుమ్మరులనూ, మగ్గం నేసేవాళ్లనూ కూడా పిలవండి.

వచ్చే మంగళవారం మా వార్డు అంగన్‌వాడీలో మట్టి రోజు. రామగిరి నుంచి గడియారం సెంటర్ వైపు వచ్చే దారిలో ఎవరినడిగినా చూపిస్తారు. పదిన్నరకు మొదలుపెడతాం, పప్పు అన్నం టైముకు ఆపుతాం. అధికారులు ఎవరైనా రావాలనుకుంటే ముందుగా చెప్పనక్కర్లేదు, కుర్చీలు వేయం, బొకేలు ఇవ్వం. మరకలు పడినా ఫర్వాలేదనుకునే బట్టలు వేసుకుని రండి. మా మనవరాలికి ఆ రోజు బడి సెలవు, అదీ వస్తానంటోంది. ఈసారి మేకను మట్టితో చేస్తుందట. కడుపులోని పిల్లలను ఎట్లా పెట్టాలా అని రెండు రోజులుగా ఆలోచిస్తోంది.

ఇట్లు,
ఒక రిటైర్డ్ డ్రాయింగ్ మాస్టర్,
నల్లగొండ